ఎనిమిది నక్షత్రాల సాక్ష్యం

జార్జి టౌను చరిత్ర రాసినవాళ్లు కోట గురించి రాశారు, హార్బరు గురించి రాశారు, ఏ దొర ఏ వీధికి తన పేరు తగిలించి పోయాడో అదీ రాశారు. శేషాచలం మెటికలు విరుచుకోవడం గురించి మాత్రం ఎవరూ ఒక్క వాక్యం రాయలేదు. ఇది చరిత్రకారుల పక్షాన క్షమించరాని లోపం. ఇరవై ఎనిమిదేళ్లుగా, ఆదివారాలూ పండగలూ మినహా, ప్రతి ఉదయం తొమ్మిదీ నలభైకి, టైపు మొదలుపెట్టేముందు, ఆయన కుడి బొటనవేలితో మొదలుపెట్టి ఎడమ చిటికెనవేలితో ముగించేవాడు. పది వేళ్లు, పది శబ్దాలు. ఏ రోజైనా తొమ్మిదే వినిపిస్తే కింద గోడౌనులో మూటలు దించే కూలీలు తలెత్తి, "అయ్యకు ఈ పొద్దు ఒళ్లు బాగలేదు మాదిరి ఉండాది" అనుకునేవాళ్లు.

శేషాచలానిది వాషర్‌మెన్‌పేట్. తాతగారి తాతదీ వాషర్‌మెన్‌పేటే. అంతకుముందు ఎక్కడినుంచి వచ్చారో ఎవరికీ గుర్తులేదు, తిరిగి రమ్మని ఎవరూ అడగనూ లేదు. ఇంగ్లీషు టైపింగులో హయ్యర్ పాసైన చెయ్యి కావడంతో వీధివాళ్ల అర్జీలన్నీ ఆయనే రాసేవాడు. రేషను కార్డు, కొళాయి కనెక్షను, కరెంటు మీటరు పేరు మార్పు, అన్నదమ్ముల మధ్య గోడ తగాదా, అన్నీ ఆయన చేతిమీదుగా ఇంగ్లీషులోకి వెళ్లినవే. ఎవరింట్లో ఏముందో ఆయనకు తెలిసినంత ఆ ఇంట్లోవాళ్లకు తెలియదు. ఒక్క ముక్క బయటికి పొక్కలేదు. భార్య పంకజం పక్కింటి సంగతులు అడిగి అడిగి విసిగి, "మీకు పెండ్లాం దండగ, బీరువా ఒకటి చాలు" అని ఊరుకుంది.

ఆయన పనిచేసే వెంకటపతి కంపెనీ కరక్కాయలూ సునాముఖి ఆకూ విదేశాలకు ఎగుమతి చేస్తుంది. కరక్కాయలు తోళ్లు పదునుచేసే చోటికి పోతాయి. సునాముఖి ఆకు మలబద్ధకం ఉన్న ప్రతిచోటికీ పోతుంది, అంటే ప్రతిచోటికీ. తొంభై తొమ్మిది జనవరిలో ఆ మేడమీది ఆఫీసుకు ఇంటర్నెట్ వచ్చింది. యజమాని వెంకటపతి ఈమెయిలుకు ఒక పాస్‌వర్డు పెట్టుకుని, శేషాచలాన్ని దగ్గరికి పిలిచి, చెవిలో మంత్రోపదేశం చేసినట్టు చెప్పాడు. ఆ తర్వాత ఆయన దాన్ని మరిచిపోయాడు. ఉపదేశం చేసినవాళ్లకు ఆ సౌకర్యం ఉంది.

ఆనాటినుంచి ఆఫీసులో ఒక ఆచారం ఏర్పడింది. మెటికలు విరిచాక శేషాచలం "ఊఁ" అంటాడు. వెంటనే, పాస్‌వర్డు కొట్టడం ఎవరి కంటా పడకుండా, గదిలో ఉన్న ఆరుగురూ గోడవైపు తిరగాలి. ఊడ్చే పచ్చయమ్మ కూడా చీపురు పట్టుకుని తిరుగుతుంది. ఆమెకు ఇంగ్లీషు కాదు గదా ఏ భాషా చదవడం రాదు, అయినా చట్టం అందరికీ ఒకటే. మళ్లీ "ఊఁ" అన్నాక అందరూ ఇటు తిరుగుతారు. గోడమీద మురుగన్ క్యాలెండరులో ఏ తేదీకి ఏ తిథో ఆ ఆఫీసులో అందరికీ కంఠతా వచ్చింది అట్లానే.

మార్చిలో కంప్యూటరు బాగుచేసే మనిషి వచ్చి, పాత బ్రౌజరు తీసేసి కొత్తది వేసిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే శేషాచలం జీవితంలో ఒక అద్భుతం జరిగింది. కంపెనీ పేరు కొట్టి పక్క గడిలోకి వెళ్లేసరికి, ఆయన వేలు ఇంకా గాలిలో ఉండగానే, పాస్‌వర్డు గడిలో ఎనిమిది నక్షత్రాలు వరుసగా వచ్చి నిలబడ్డాయి. ఉత్తరాల పెట్టె తలుపు తెరుచుకుంది. మరునాడూ అంతే. వారం రోజులు పరిశీలించి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. నిమిషానికి అరవై మాటలు కొట్టే చెయ్యి ఇది, దీని దెబ్బ వేరు, దీని తాళం వేరు. యంత్రం ఆ చేతిని గుర్తుపట్టింది. ముందుముందు కంప్యూటర్లు మనిషిని గొంతుతోనూ బొటనవేలితోనూ గుర్తుపడతాయని ఆదివారం పేపరులో చదివింది కూడా సరిపోయింది.

ఇంత సంగతి ఒక్కడే దాచుకోవడం భావ్యం కాదని ఆయన అందరికీ చెప్పాడు. అర్జీల విషయంలో ఇరవై ఎనిమిదేళ్లు మూసుకున్న నోరు తన గొప్ప విషయంలో ఒక్కసారి తెరుచుకుంది. గోడవైపు తిరగడం మాత్రం మానిపించలేదు. ఏర్పడిన ఆచారాన్ని కారణం పోయిందని తీసెయ్యడం ఆయన మతం కాదు.

జూలైలో ఒక శుక్రవారం పదిన్నరకు వెంకటపతి ఆయన్ని గదిలోకి పిలిచాడు.

"తలుపు మూసి కూర్చో, శేషాచలం."

ఇరవై ఎనిమిదేళ్లలో ఆ గదిలో కూర్చోమన్నది అదే మొదటిసారి. ఇది మంచికి కాదని శేషాచలానికి కుర్చీ తగలకముందే తెలిసిపోయింది.

"సోమవారం హాంబర్గుకు రాసినామే, ఆ ఉత్తరంలో నాగప్పన్ సరుకు గురించి నేనేమి చెప్పినాను?"

నాగప్పన్ అంటే ఎదురు గోడౌను. అదే సునాముఖి, అవే దేశాలు. సందులో చేతిబండి అడ్డం పెట్టిన విషయమై ఎనభై ఆరులో మొదలైన మౌనం రెండు కంపెనీల మధ్య ఇంకా నడుస్తోంది.

"మూడో వంతు మునగాకు కలిపినాడని చెప్పినారయ్యా."

"ఇంకా?"

"మిగతా రెండు వంతులూ ఏమి ఆకో దేవుడికే తెలియాలని."

"నిన్న మూల కాఫీ అంగడి కాడ ఆ మనిషి గ్లాసు ఎత్తి పట్టుకోని, 'మూడో వంతు మునగాకు, మిగతాది దేవుడికే తెలియాలప్పా' అని నవ్వినాడు. నాతో కాదు, గ్లాసుతో. పదిమంది ముందర. ఒక్క మాట మారలేదు. నేను చెప్పినాను, నువ్వు కొట్టినావు. మధ్యలో మూడో మనిషి ఎవురు?"

"ఎవురూ లేరయ్యా."

"పాస్‌వర్డు ఎవురికి తెలుసు?"

"మీకు, నాకు."

"నాకు మరిచిపోయింది."

శేషాచలానికి తీసివేత లెక్క వచ్చు. "మనం లేనప్పుడు ఎవురన్నా దొంగతనంగా తెరిచి..." అని మొదలుపెట్టాడు.

"అదెట్ట కుదురుతాది? నీ చెయ్యి తప్ప ఇంకొక చెయ్యి ఒప్పుకోదని నువ్వే గదా చెప్పుకుంటా తిరిగినావు. నా మేనల్లుడి పెండ్లిలో పాయసం కాడ గూడా చెప్పినావు. ఆ పొద్దు నేనూ గర్వపడినాను, మన శేషాచలం అని." వెంకటపతి అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "నాలుగు గంటల దాకా టైము. అంతలో మూడో మనిషిని చూపించు. లేదంటే నీ బల్ల తాళాలు ఈడ పెట్టేసి పో. నేనుగా ఎవురికీ చెప్పను. ఎందుకు పోయినాడని అడిగినోళ్లకు అబద్ధం గూడా చెప్పను."

జార్జి టౌనునుంచి వాషర్‌మెన్‌పేట్‌కు బస్సు అరగంటలో పోతుంది. ఇలాంటి వార్త ఇంకా ముందు పోతుంది. ఉద్యోగం పోతే ఇంకొక కంపెనీలో ఇంకొక కుర్చీ దొరకవచ్చు. ఉత్తరాలు అమ్ముకున్నాడని తెలిశాక, తన ఇంటి గుట్టు కాగితంమీద పెట్టి ఆయన చేతికి ఎవరిస్తారు? ఇచ్చినవాళ్లు మాత్రం ఇక కంటినిండా ఎట్లా నిద్రపోతారు?

శేషాచలం తన కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు. ఎదురుగా యంత్రం ఉంది, ఏమీ ఎరగనట్టు. ఆయన అర్జీలు రాసే మనిషి గనక విషయాన్ని రెండు పక్షాలుగా విడదీసి చూశాడు. యంత్రం తన చేతినే గుర్తుపడుతుందంటే తాను దొంగ. యంత్రం ఎవరి చేతికైనా తెరుచుకుంటుందంటే తాను దొంగ కాడు, నాలుగు నెలలుగా ఊరంతా తిరిగి చాటింపు వేసుకున్న మూర్ఖుడు. మూడో పక్షం కోసం పన్నెండున్నర దాకా వెతికాడు. దొరకలేదు.

సరుకు జాబితాలు టైపుచేసే కుముదిని అప్పుడే కాగితాల కట్టతో వచ్చింది. ముప్పై ఏళ్ల పిల్ల, పెరంబూరునుంచి రైల్లో వస్తుంది. రోజూ ఒంటిగంటకు అందరూ టిఫిను డబ్బాలు విప్పే వేళ ఆ కంప్యూటరు ఆమెది. జాబితాలు కొట్టుకుంటుంది.

"ఏమి మామా, మొహం అట్ట ఉండాది? అత్త మళ్లా ఉప్మా కట్టిందా?"

శేషాచలం జరిగింది చెప్పాడు. ఆమె కాగితాలు బల్లమీద పెట్టి గొంతు తగ్గించింది. "మామా, నిజంగానే అది మీ చెయ్యి గుర్తుపడతాదా?"

"ఇంకొకరు కొట్టి చూసింది లేదు గదమ్మా."

"నేను కొట్టేదా ఇప్పుడు?"

ఆమె చెయ్యి మీటలమీదికి పోయింది. శేషాచలం చటుక్కున ఆపాడు. "ఈడ వద్దు. మనిద్దరమే ఉండి తెరుచుకుంటే, ఇద్దరూ కలిసి కట్టిన కథ అంటారు. ఆయన ముందర కొట్టాల."

"ఆయన ముందర కొడితే తెరుచుకోకపోతే?"

"నేను దొంగను."

"తెరుచుకుంటే?"

శేషాచలం లేచి చొక్కా సర్దుకుని యజమాని గది తలుపు తట్టాడు.

ఆ మధ్యాహ్నం రెండు గంటలకు ఆ ఆఫీసు చరిత్రలో మొదటిసారి ఎవరూ గోడ చూడలేదు. ఆరుగురూ యంత్రం చుట్టూ నిలబడ్డారు. వెంకటపతి కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. శేషాచలం తన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. తన నీడ కూడా మీటలమీద పడకూడదని ఆయన ఉద్దేశం.

మోడెమ్ కీచుమంది, గరగరలాడింది, ఆగిపోయింది. లైను దొరకలేదు. మళ్లీ కీచుమంది. నాలుగోసారికి కలిసింది. పేజీ పైనుంచి కిందికి, తెర దించుతున్నట్టు, వేలెడు వేలెడు రావడం మొదలుపెట్టింది. ఎవరో దగ్గారు. వెంకటపతి అటు చూశాడు, దగ్గు సగంలో ఆగింది.

కుముదిని కంపెనీ పేరులో మొదటి అక్షరం కొట్టింది. పేరంతా కింద తానే వచ్చి నిలబడింది. బాణం మీట నొక్కి దాన్ని గడిలోకి తీసుకుంది. ఇక పక్క గడి.

"కొట్టు," అన్నాడు వెంకటపతి.

నొక్కింది. ఎనిమిది నక్షత్రాలు.

శేషాచలం కిటికీ దగ్గరినుంచే చూశాడు. గుండెలమీదినుంచి బండరాయి దిగింది, అదే క్షణంలో ఇంకెక్కడో ఏదో విరిగింది. ఆ రెండో శబ్దం బయటికి వినిపించలేదు.

"ఈ పిల్లదీ టైపు కొట్టే చెయ్యే. నీ చెయ్యి మాదిరి ఉండిందేమో," అని వెంకటపతి తానే కుర్చీ ముందుకు జరిపాడు. కుముదిని గడులు మళ్లీ ఖాళీ చేశాక, తలుపు గంట నొక్కినట్టు ఒక్కవేలితో పొడిచాడు. ఎనిమిది నక్షత్రాలు. ఆయనకు అదీ చాలలేదు. "పచ్చయమ్మా, ఇట్ట రా."

"నాకెందుకు సామీ, షాకు కొడతాదేమో," అంటూనే పచ్చయమ్మ చీపురు చంకలో పెట్టుకుని వచ్చింది. కుముదిని చూపిన మీటలు మూడూ వరుసగా నొక్కింది. ఎనిమిది నక్షత్రాలు వచ్చి, వెనకాలే ఉత్తరాల పెట్టె తెరుచుకుంది. అందులో పైనే హాంబర్గు ఉంది. పచ్చయమ్మ చీర కొంగుకు వేలు తుడుచుకుంది.

"దీనికి ఎవురు చెప్పినారు మన పాస్‌వర్డు?" అని అడిగాడు వెంకటపతి, యంత్రాన్ని చూపిస్తూ.

శేషాచలానికి అప్పుడు జ్ఞాపకం వచ్చింది. కొత్త బ్రౌజరు వేసిన వారంలో, పాస్‌వర్డు కొట్టి మీట నొక్కగానే ఒక చిన్న పెట్టె లేచింది. ఈ మాట నన్ను గుర్తుపెట్టుకోమంటారా, మళ్లీ మళ్లీ మీకు కొట్టే శ్రమ ఉండదు అని ఇంగ్లీషులో చాలా మర్యాదగా అడిగింది. ఆయన యెస్ అన్నాడు.

"ఎందుకన్నావు?"

"టైపింగు స్కూల్లో మా మేష్టరు అట్ట నేర్పించినాడయ్యా. ఇంగ్లీషులో ఎవురన్నా ప్రశ్న అడిగితే ముందు యెస్ అనేది, ఏమడిగినారో తర్వాత నిదానంగా చూసుకునేది."

వెంకటపతి కుర్చీలోంచే ఆయనవైపు తిరిగాడు. "ఇరవై ఎనిమిదేళ్లుగా నాకు నువ్వు యెస్ అంటా ఉండేది గూడా అట్టనేనా?"

ఎవరో నవ్వబోయి మానుకున్నారు. నవ్వు వచ్చే వేళ కాదని అందరికీ తెలుసు, ఎందుకో ఇంకా తేలలేదు.

"దీన్ని చేసినోళ్లకు ఒక పెటిషను రాయి," అన్నాడు వెంకటపతి. "ఘాటుగా రాయి."

శేషాచలం షార్ట్‌హ్యాండు పుస్తకం తీశాడు. అర్జీ అనగానే చేతికి పాత బలం వచ్చింది. రాస్తూ రాస్తూ పైకి చదివాడు. మనవి చేయునదేమనగా, ఒక మాటను గుర్తుపెట్టుకొనుటకు ముందు ఈ యంత్రం ఒకరిదా, పదిమందిదా అని తమరు విచారించవలెను. దాచుకున్న మాటను తిరిగి ఇచ్చునపుడు అడిగినవాడు ఎవడో రుజువు కోరవలెను, అందుకుగాను బీరువాకు తాళంవలె, దాచిన మాటలన్నిటికీ పైన ఒక మాట ఉండవలెను. ఎవరి మాట ఎక్కడ దాచినదీ యజమానికి చూపించి, వద్దన్నచో చెరిపివేయవలెను. మరియు, యెస్ అనునది తొందరపాటున కూడా అనబడునని తమరు ఎరుగవలెను.

"బాగుండాది," అన్నాడు వెంకటపతి. ఆ తర్వాత ఇంకేదో ఆలోచిస్తూ గది చుట్టూ చూశాడు. చూపు ఒకచోట ఆగింది. "అట్టయితే ఎవురన్నా తెరవచ్చు. మధ్యాహ్నం ఒంటిగంటకు అందరూ తినేటప్పుడు దీని ముందర ఒంటిగా కూర్చునేది ఎవురు?"

ఆరుగురిలో అయిదుగురు నేలవైపు చూశారు. కుముదిని మాత్రం చూడలేదు. ఆమె చెయ్యి ఇంకా మీటల పక్కనే ఉంది. మెల్లగా వెనక్కి తీసుకుంది.

"నేను జాబితాలు కొడతాను అయ్యా. కావాలంటే తేదీలు చూసుకోండి."

"జాబితాలు కొట్టినావు, సరే. దానితో పాటు ఇంకేమి చూసినావని అడుగుతా ఉండాను. ఇంతకు ముందు బాణం మీట నొక్కి పేరు దించుకుంటివే. అదెట్ట తెలిసింది నీకు?"

"జాబితా ప్రోగ్రాములో అట్టనే వస్తాది అయ్యా."

"అప్పిడియా?" అన్నాడు వెంకటపతి. నమ్మినప్పుడు ఆయన తెలుగులో ఊఁ అంటాడు, నమ్మనప్పుడే తమిళంలోకి పోతాడు. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు.

శేషాచలం పెన్సిలు ఆగిపోయింది. పొద్దున తన మెడమీద ఉన్న కత్తి ఎక్కడికీ పోలేదు. తానే దాన్ని కుముదిని మెడమీదికి జరిపాడు. తన నిర్దోషిత్వానికి సాక్ష్యం చెప్పిన పిల్లే ఇప్పుడు ముద్దాయి. గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది.

"అయ్యా, గడువు నాలుగు దాకా ఇచ్చినారు," అన్నాడు.

"ఇచ్చినాను. అయితే?"

"ఇంకా నలభై నిమిషాలు ఉండాది. అంతదాకా ఆ పిల్లను ఏమీ అడగొద్దండి."

యజమానికి ఏదీ చెయ్యవద్దని ఆయన చెప్పడం అదే మొదటిసారి. వెంకటపతి ఆశ్చర్యపోయి ఏదో అనేలోపే శేషాచలం మెట్లు దిగాడు.

సందులో కరక్కాయల బస్తాల చేతిబండి ఒకటి, ఉల్లిపాయలది ఇంకొకటి ఎదురెదురుగా ఇరుక్కుని, ఇద్దరు బండివాళ్లూ ఒకరి వంశాన్ని ఒకరు వర్ణించుకుంటున్నారు. శేషాచలం వాటి మధ్యనుంచి పక్కకు తిరిగి నడిచాడు. ఆరడుగుల దూరం. పదమూడేళ్లుగా ఆ కంపెనీవాడెవడూ దాటని దూరం. పైన తమ కిటికీలోంచి ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో ఆయనకు తెలుసు. దొంగ సొమ్ము ఇచ్చినవాడి గడపే తొక్కుతున్నాడనుకుంటారు. అయినా గడప తొక్కాడు.

నాగప్పన్ బనియనుతో కూర్చుని సునాముఖి ఆకు నలిపి వాసన చూస్తున్నాడు. తలెత్తి చూసి, ఆకు కింద పెట్టాడు.

"రాండి రాండి శేషాచలం సార్. మునగాకు చూసుకుని పోదామని వచ్చినారా?"

"సార్, ఒకే ఒక మాట అడిగిపోతాను. ఆ మాట మీకు ఎవురు చెప్పినారు? మా ఆఫీసులో ఒక ఆడపిల్ల ఉద్యోగం పోతా ఉండాది. పొద్దున నాది పోబోయింది."

"ఎందుకు పోవాల?"

"మా ఉత్తరం ఎవురో దొంగతనంగా చదివి మీకు చెప్పినారని."

నాగప్పన్ ఆయన మొహంలోకి పరీక్షగా చూశాడు. ఎగతాళి కాదని నమ్మకం కుదిరాక బల్ల సొరుగు లాగి, మడత పెట్టిన ఒక ఫ్యాక్స్ కాగితం తీసి ముందు పెట్టాడు. "అడిగుంటే మంగళవారమే చూపించుదును గదా. మీ మొదలాళికి, ఆ వెంకటపతికి, ఇచ్చేయండి, నా కాడ జిరాక్సు ఉండాది."

శేషాచలం విప్పాడు. కింద తాను కొట్టిన ఉత్తరం, మునగాకుతో సహా, అక్షరం పొల్లుపోకుండా. పైన హాంబర్గు కొనుగోలుదారు చేతిరాతతో రెండు పంక్తులు: మిస్టర్ నాగప్పన్, ఈ కింది ఉత్తరం చూడండి, ఇది నిజమేనా? మూడో మనిషి హాంబర్గులోనే కూర్చుని ఉన్నాడు.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, లేవబోతూ చుట్టూ చూశాడు. ఒక త్రాసు ఉంది, ఆకు బస్తాలు ఉన్నాయి, ఫ్యాక్స్ మెషీను ఉంది. నాగప్పన్ ఆఫీసులో కంప్యూటరు లేదు.